మోకాలి నొప్పి, ఎముక క్యాన్సర్, సెలీనియం: మనం తెలుసుకోవలసిన విషయాలు

హాస్టల్లో కాలి నొప్పికి అందరికీ తెలిసిన మందు ఒక్కటే, జండూబామ్. వాలీబాల్ ఆడి వచ్చినా, మామిడి కొమ్మ మీద నుంచి జారిపడినా, ట్రంకు పెట్టె కాలి మీద పడినా అదే రాసుకుని పడుకుంటాము. చాలాసార్లు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది కూడా. తగ్గకుండా మిగిలిపోయే నొప్పి ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరికి వస్తుంది. ఈ వ్యాసం దాని గురించి.

మాతో పాటు మన హాస్టల్లో చదివిన ఒక మిత్రునికి తొమ్మిదో తరగతిలో మోకాలి పైన వాపు వచ్చింది. చెట్టు మీద నుంచి పడ్డాడు కాబట్టి బెణికిందనుకున్నారు. ఇంటివాళ్ళు నాలుగు నెలలు నూనె రాయించి, పిండించి, కట్టు కట్టించారు. చివరికి పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి అది ఎముక క్యాన్సర్ అని తేలింది. మోకాలి పైకి కాలు తీసేశారు. అతను బతికాడు, డిగ్రీ పూర్తి చేశాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. తన పేరు రాయవద్దన్నాడు, సంగతి మాత్రం తప్పక రాయమన్నాడు. పోయిన ఏడాది ఎవరో అతనికి “క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఆపుతుంది” అని చెప్పి సెలీనియం మాత్రల సీసా అమ్మారు. నెలకు రెండు వేల రూపాయలకు పైగా ఖర్చు. “నువ్వు బయోకెమిస్ట్రీ కదరా, ఇది నిజమేనా?” అని అడిగాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేమే. అమ్మా నాన్నా తోటల్లో కాయకోతకు పోయి చదివించారు. మన చదువు మనవాళ్ళ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే ఆ చదువు ఎందుకనిపించింది. అతని కోసం చదివి తెలుసుకున్నదే ఇక్కడ మీకందరికీ రాస్తున్నాము.

ఎముక క్యాన్సర్ అంటే ఏమిటి?

ఎముక అంటే రాయి లాంటి ప్రాణం లేని వస్తువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది జీవమున్న కణజాలం. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు అందులో రోజూ పనిచేస్తూనే ఉంటాయి. ఎముకను కట్టే కణాలు అదుపు తప్పి, విపరీతంగా పెరిగితే వచ్చే క్యాన్సర్‌ను ఆస్టియోసార్కోమా అంటారు. ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రొమ్ములోనో, ఊపిరితిత్తులలోనో పుట్టి ఎముకకు పాకే క్యాన్సర్ వేరు. అది ఎక్కువగా పెద్దవారిలో వస్తుంది.

ఆస్టియోసార్కోమా సుమారు 10 నుంచి 20 సంవత్సరాల మధ్య వయసులో ఎక్కువగా వస్తుంది. అంటే సరిగ్గా మన హాస్టల్ వయసు. మనిషి ఒక్కసారిగా పొడవు పెరిగే కాలంలో ఎముక చివరి భాగాలు వేగంగా పెరుగుతాయి. అందువల్లే మోకాలికి పైన తొడ ఎముక చివర, మోకాలికి కింద పిక్క ఎముక మొదట్లో, భుజం దగ్గర ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అయితే భయపడవలసిన పని లేదు. ఇది చాలా అరుదైన వ్యాధి. పది లక్షల జనాభాలో ఏడాదికి ముగ్గురు నలుగురికి మాత్రమే వస్తుంది. మోకాలు నొప్పి పుట్టిన ప్రతివారికీ క్యాన్సర్ కాదు. అరుదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. అనుమానం రాక నెలలు గడిచిపోతాయి. ప్రమాదం అక్కడే ఉంది.

పడటం వల్ల ఈ క్యాన్సర్ రాదు. పడినప్పుడు ఆ భాగాన్ని మనం గమనించడం వల్ల లోపల ముందునుంచే ఉన్నది బయటపడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా రాదు.

ఇప్పుడున్న వైద్యం, అందులో మన తెలుగువాడు

1970 ముందు ఈ వ్యాధికి కాలో చెయ్యో తీసేయడం ఒక్కటే మార్గం. తీసేసినా నూటికి ఇరవై మంది కూడా బతికేవారు కారు. ఎందుకంటే అప్పటికే కంటికి కనపడని క్యాన్సర్ కణాలు రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి ఉండేవి. ఇప్పుడు వ్యాధి వేరే చోటికి పాకకముందే వైద్యానికి వస్తే నూటికి 60 నుంచి 70 మంది బతుకుతున్నారు. ఊపిరితిత్తులకు పాకిన తరువాత వస్తే ఆ సంఖ్య సగానికి పైగా పడిపోతుంది. ఈ మార్పు తెచ్చింది కీమోథెరపీ. ముందు కొన్ని వారాలు మందులు, తరువాత ఆపరేషన్, ఆ తరువాత మళ్ళీ మందులు ఇస్తారు. చాలామందికి ఇప్పుడు కాలు తీయకుండా, వ్యాధి ఉన్న ఎముక ముక్కను మాత్రం తీసి లోహపు భాగం అమరుస్తున్నారు.

ప్రపంచంలో ఎక్కువ చోట్ల వాడే మూడు మందులు మెథోట్రెక్సేట్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్. ఈ మూడింటిలో మొదటిది మన తెలుగువాని పరిశోధన నుంచి వచ్చింది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తరువాత దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొంతకాలం వ్యాధి వెనక్కు తగ్గడం చూసి, ఆ ఫలితాలను 1948లో ప్రకటించారు. అదే కుటుంబానికి చెందినది మెథోట్రెక్సేట్.

అది ఎలా పనిచేస్తుందో హాస్టల్ భాషలో చెప్పుకుందాము. మీ ట్రంకు పెట్టె తాళంలో అలాంటిదే వేరే తాళంచెవి దూరి ఇరుక్కుపోతే అసలు తాళంచెవి ఇక లోపలికి పోదు. కణం రెండుగా చీలాలంటే కొత్త డిఎన్‌ఎ కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మెథోట్రెక్సేట్ ఆ తాళంలో ఇరుక్కుని కూర్చుంటుంది. వేగంగా చీలే క్యాన్సర్ కణం ముందుగా ఆగిపోతుంది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఎముక క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇచ్చి, మరునాడు ల్యూకోవోరిన్ అనే విరుగుడుతో మంచి కణాలను కాపాడే పద్ధతి 1970లలో నార్మన్ జాఫీ మొదలైన వైద్యుల ద్వారా వచ్చింది. ఈ పద్ధతిలో రక్తంలో మందు ఎంత ఉందో గంటల లెక్కన పరీక్షించాలి. ఆ వసతి అన్నిచోట్లా ఉండదు కాబట్టి మన దేశంలో కొన్ని ఆసుపత్రులు వేరే మందుల కలయికతో వైద్యం చేస్తున్నాయి. మందు పుట్టడానికీ, అది ఎముక క్యాన్సర్ ఉన్న పిల్లవాడికి చేరడానికీ మధ్య పాతికేళ్ళు పట్టిందని గుర్తుపెట్టుకోండి. సెలీనియం దగ్గరికి వచ్చినప్పుడు ఈ విషయం అవసరమవుతుంది.

సెలీనియం అంటే ఏమిటి?

పదో తరగతి ఆవర్తన పట్టిక తీయండి. ఆక్సిజన్ కింద గంధకం, గంధకం కింద 34వ నంబరు గడిలో ఉన్నదే సెలీనియం. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ గంధకామ్లం తయారీలో మిగిలిన మడ్డిలో దీన్ని కనుగొన్నారు. గ్రీకు భాషలో చంద్రుని పేరు మీద సెలీనియం అని పేరు పెట్టారు. ఒకప్పుడు జిరాక్స్ యంత్రాలలో దీన్నే వాడేవారు.

ఇది విషమనే చాలాకాలం అనుకున్నారు. 1957లో ష్వార్జ్, ఫోల్ట్జ్ అనే శాస్త్రవేత్తలు ఇది జంతువులకు కొద్దిగా అవసరమని ఎలుకల మీద చూపించారు. చైనాలో నేలలో సెలీనియం తక్కువగా ఉన్న ప్రాంతాలలో పిల్లలకు కేషాన్ వ్యాధి అనే గుండె జబ్బు వచ్చేది. మన పంజాబులో హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాలలో కొన్ని ఊళ్ళ నేలలో సెలీనియం మరీ ఎక్కువ. అక్కడ పశువుల గిట్టలు పగిలిపోవడం, మనుషులకు జుట్టు, గోళ్ళు ఊడిపోవడం చూశారు. తక్కువైనా రోగమే, ఎక్కువైనా రోగమే.

మన నూజివీడు మామిడి రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పనవసరం లేదు. జింకు లోపిస్తే మామిడి ఆకులు చిన్నవై గిడసబారతాయి. బోరాన్ లోపిస్తే కాయ పగులుతుంది. అలాగని బోరాక్స్ గుప్పిళ్ళతో పోస్తే ఆకు మాడిపోతుంది. అందుకే సూక్ష్మపోషకాలను కొలత ప్రకారం పిచికారీ చేస్తారు. సెలీనియం మన శరీరానికి అలాంటి సూక్ష్మపోషకం. భారత వైద్య పరిశోధనా మండలి సిఫారసు ప్రకారం పెద్దవారికి రోజుకు 40 మైక్రోగ్రాములు చాలు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఒక కోడిగుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు ఉంటుంది. చేపలు, మాంసం, ధాన్యాలు, పప్పులలోనూ ఉంటుంది.

క్యాన్సర్ కణం మీద ఎలా పనిచేస్తుంది?

మన కణాలు ఆక్సిజన్ వాడుకునేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి హాని చేసే పదార్థాలు పుడతాయి. పొయ్యి మండితే పొగ వచ్చినట్లే ఇది. ఆ పొగను బయటికి పంపే గొట్టం వంటిది గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము. దాని గుండెకాయ సెలీనియమే. కొద్ది మోతాదులో సెలీనియం ఇలా కణాన్ని కాపాడుతుంది.

మోతాదు పెరిగితే అదే సెలీనియం తిరగబడుతుంది. సెలినైట్ వంటి సమ్మేళనాలు కణంలోని గ్లూటాథయోన్‌ను ఖర్చు చేస్తూ, పొగను తగ్గించకపోగా పెంచుతాయి. క్యాన్సర్ కణం వేగంగా పెరుగుతూ ముందే పొగతో నిండి ఉంటుంది. ఇంకొంచెం చేరితే తట్టుకోలేదు. మంచి కణానికి ఇంకా కొంత ఓర్పు మిగిలి ఉంటుంది. ఈ తేడాను ఉపయోగించుకుని క్యాన్సర్ కణాన్ని దానంతట అది చచ్చిపోయేలా చేయవచ్చా అన్నదే పరిశోధకుల ప్రశ్న. ప్రయోగశాలలో పెంచిన ఆస్టియోసార్కోమా కణాల మీద కొన్ని సెలీనియం సమ్మేళనాలు ఇలా పనిచేయడం చూశారు.

సెలీనియం అంటే ఒకే పదార్థం కాదని గమనించాలి. సెలినైట్, సెలినోమిథియోనిన్, మిథైల్ సెలినిక్ ఆమ్లం, సెలీనియం నానో కణాలు అన్నీ వేరు వేరు. వాటి మోతాదు, విషప్రభావం, పనిచేసే తీరు కూడా వేరే. ఒకదాని ఫలితం చూపించి ఇంకొకటి అమ్మడం మోసం.

ఎముక దగ్గర దీనికి ప్రత్యేకత ఎందుకు?

ఎముక గట్టిదనం హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజం వల్ల వస్తుంది. అందులో కాల్షియం, ఫాస్ఫేట్ ఉంటాయి. ఆ ఫాస్ఫేట్ ఉన్న చోట కొంత సెలినైట్‌ను కూర్చోబెట్టవచ్చు. గోడలో కొన్ని ఇటుకలు తీసి మందు నింపిన ఇటుకలు పెట్టినట్లన్నమాట. ఆపరేషన్‌లో ఎముక తీసిన ఖాళీలో ఇటువంటి పదార్థం నింపితే, అది మెల్లమెల్లగా కరుగుతూ అక్కడ మిగిలిపోయిన క్యాన్సర్ కణాల మీద పనిచేయాలి, పక్కన కొత్త ఎముక పెరగనివ్వాలి. శరీరమంతటికీ విషం ఎక్కకూడదు. ఇదీ ఆలోచన. ఇలాంటి పదార్థాలను కణాల మీద, జంతువుల మీద పరీక్షించారు.

రెండో దారి లోహపు భాగం మీద పూత. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో థామస్ వెబ్‌స్టర్ బృందం టైటానియం మీద సెలీనియం నానో కణాల పూత పూసి పరీక్షించింది. 2010లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ పూత మీద మంచి ఎముక కణాలు బాగా పెరిగాయి, క్యాన్సర్ కణాల పెరుగుదల తగ్గింది. సెలీనియం నానో కణాలు చీముకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను కూడా అడ్డుకున్నాయని 2011లో చూపించారు. కీమోథెరపీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికి అమర్చిన లోహం దగ్గర చీము పట్టడం పెద్ద సమస్య కాబట్టి ఇది కూడా ముఖ్యమే.

మన దేశంలోనూ సెలీనియం రసాయన శాస్త్రంలో మంచి పరిశోధన జరుగుతోంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్ జి. ముగేష్ గారు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ లాగా పనిచేసే సెలీనియం సమ్మేళనాల మీద పనిచేశారు. ముంబయి భాభా అణు పరిశోధనా కేంద్రంలో రేడియేషన్ నుంచి మంచి కణాలను కాపాడే సెలీనియం సమ్మేళనాలను ఎలుకల మీద పరీక్షించారు. ఇవి ఎముక క్యాన్సర్ మందులు కావు. అయినా క్యాన్సర్ వైద్యపు బాధను తగ్గించే దారులు ఇలాంటి పనుల నుంచే వస్తాయి.

మరి ఇంతవరకు మందుగా ఎందుకు రాలేదు?

గాజు పాత్రలో కణాన్ని చంపడం తేలిక. ఉప్పు నీళ్ళు ఎక్కువైనా కణం చస్తుంది. తరువాత జంతువుల మీద, ఆ తరువాత కొద్దిమంది మనుషుల మీద మోతాదు కోసం, ఆ పైన ఎక్కువమంది మీద ఫలితం కోసం పరీక్షించాలి. ఎముక క్యాన్సర్‌కు సెలీనియం ఇంకా మొదటి మెట్ల మీదే ఉంది. నేటికి ఏ దేశంలోనూ అది ఆస్టియోసార్కోమాకు ప్రామాణిక వైద్యంలో భాగం కాదు.

పరీక్ష పూర్తికాకుండా నమ్మితే ఏమవుతుందో సెలీనియం చరిత్రలోనే ఉంది. 1996లో అమెరికాలో 1,312 మంది చర్మ క్యాన్సర్ రోగులపై జరిగిన అధ్యయనం వెలువడింది. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం తీసుకున్నవారిలో చర్మ క్యాన్సర్ తగ్గలేదు. ఊపిరితిత్తులు, ప్రోస్టేట్ వంటి ఇతర క్యాన్సర్లు తక్కువగా కనిపించాయి. ప్రపంచమంతా ఆశపడింది. దాన్ని సరిచూడటానికి 2001లో 35 వేల మందికి పైగా పురుషులతో సెలెక్ట్ అనే పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ప్రయోజనం లేదని తేలి 2008లో మాత్రలు ఆపేశారు. శరీరంలో ముందే సెలీనియం బాగా ఉన్నవారు మాత్రలు తీసుకుంటే తీవ్రమైన ప్రోస్టేట్ క్యాన్సర్ ప్రమాదం పెరిగిందని 2014లో ప్రకటించారు. చిన్న పరీక్షలో కనిపించిన ఆశ పెద్ద పరీక్షలో నిలవలేదు.

మరి మాత్రలు మింగవచ్చా?

మా మిత్రునికి మేము చెప్పిన జవాబు ఇదే. ప్రయోగశాలలో పరీక్షిస్తున్నది ఎముకలో పెట్టే పదార్థం, లేదా ప్రత్యేకంగా తయారుచేసిన సమ్మేళనం. సీసాలోని మాత్ర అది కాదు. నోటితో మింగిన మాత్ర ఎముక క్యాన్సర్‌ను ఆపుతుందని రుజువు లేదు. పెద్దవారికి అన్నీ కలిపి రోజుకు 400 మైక్రోగ్రాములు దాటకూడదని నిపుణులు హద్దు పెట్టారు. దాటితే నోట్లో వెల్లుల్లి వాసన, వాంతులు, విరేచనాలు, జుట్టు రాలడం, గోళ్ళు పెళుసెక్కి ఊడిపోవడం, నరాల తిమ్మిరి వస్తాయి. 2008లో అమెరికాలో ఒక పోషకాహార ద్రవంలో పొరపాటున సీసా మీద రాసిన దానికంటే దాదాపు 200 రెట్లు సెలీనియం పడి 201 మంది జబ్బుపడ్డారు. కీమోథెరపీ జరుగుతుండగా సొంతంగా ఇలాంటి మాత్రలు వేసుకుంటే అసలు మందుకు అడ్డు తగలవచ్చు. అందువల్ల ఏది తీసుకున్నా క్యాన్సర్ డాక్టరు గారికి చూపించి తీరాలి. మా మిత్రుడు సీసా తీసుకెళ్ళి చూపించాడు, ఆపేయమన్నారు. ఆ రెండు వేలు ఇప్పుడు చెకప్ ప్రయాణ ఖర్చులకు పనికివస్తున్నాయి.

మనం చేయవలసిన పనులు

1. ఒకేచోట ఎముక నొప్పి రెండు మూడు వారాలు దాటితే, రాత్రిపూట నిద్ర లేపేంతగా ఉంటే, వాపు లేదా గడ్డ పెరుగుతుంటే, కారణం లేకుండా కుంటుతుంటే వార్డెన్ గారికి చెప్పండి. బాలికల హాస్టల్ చెల్లెళ్ళు సిగ్గుపడి దాచవద్దు.

2. పెరుగుతున్న గడ్డను నూనెతో పిండించవద్దు, కట్టు కట్టించవద్దు. వ్యాధి ఉన్న ఎముక పెళుసుగా ఉండి విరిగే ప్రమాదం ఉంది. విలువైన కాలం కూడా పోతుంది.

3. ముందు ఎక్స్‌రే తీయించాలి. అది తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష. అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ, ఆ తరువాత బయాప్సీ చేస్తారు.

4. “సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది” అన్న భయంతో బయాప్సీ మానవద్దు. అది లేకుండా వ్యాధి నిర్ధారణ కాదు. అయితే తరువాత ఆపరేషన్ చేసే బృందం ఉన్నచోటే చేయించుకోవడం మంచిది. తప్పుచోట గుచ్చితే కాలు కాపాడే ఆపరేషన్ కష్టమవుతుంది.

5. డబ్బు లేదని ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. కార్డు, ఆధార్ కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

6. మొదలుపెట్టిన కీమోథెరపీ మధ్యలో ఆపవద్దు. జుట్టు మళ్ళీ వస్తుంది. ఆగిన వైద్యానికి లొంగని వ్యాధి తిరిగి వస్తుంది.

7. సెలీనియం కోసం మాత్రలు కొననవసరం లేదు. మెస్‌లో ఇచ్చే గుడ్డు, పప్పు, అన్నం మానకుండా తినండి. గుడ్డును పక్కవాడికి అమ్ముకోవద్దు.

కాలు పోయిన మనిషిని చూసి “అయ్యో పాపం” అని తలతిప్పుకోవద్దు. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ గారు జైపూర్ కాలితో మళ్ళీ నాట్యం చేశారు. 1985లో ‘మయూరి’ సినిమాలో తన పాత్రను తానే వేశారు. ఎముక క్యాన్సర్‌తో కాలు పోయిన కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ 1980లో కృత్రిమ కాలితో ఐదు వేల కిలోమీటర్లకు పైగా పరిగెత్తి క్యాన్సర్ పరిశోధనకు నిధులు కూడగట్టాడు. వ్యాధి తిరగబెట్టి 1981లో 22 ఏళ్ళకే చనిపోయాడు. మరికొంత మంచి మందు ఉంటే బతికేవాడేమో.

ఆ మంచి మందు కోసమే సెలీనియం మీద ఇంత వెతుకులాట. అది దొరకవచ్చు, దొరకకపోవచ్చు. దొరికే దాకా నమ్మవలసింది త్వరగా చేయించుకున్న పరీక్షనూ, పూర్తి చేసిన చికిత్సనూ. ఇంటర్ బైపీసీ, ఎంపీసీ చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్కమాట. మా ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో రక్తంలోని ఫాస్ఫరస్ కొలవడానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వాడతాము. 1925లో వచ్చిన ఆ పద్ధతి పేరులోని సుబ్బారావు గారు భీమవరం వారే. మన హాస్టల్ నుంచి భీమవరానికి బస్సులో కొన్ని గంటల ప్రయాణం. ప్రయోగశాల కూడా అంత దూరంలోనే ఉందనుకుని చదవండి.